మేజర్ తేలకుండానే మొదటి సెమిస్టర్ కోర్సులు ఎంచుకున్నాను: నా అనుభవం

అమెరికాలో బ్యాచిలర్స్ డిగ్రీకి అప్లై చేసినప్పుడు మేజర్ (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు) ఏమిటని అడిగిన చోట నేను ‘అన్‌డిక్లేర్డ్’, అంటే ఇంకా తేల్చుకోలేదు అని పెట్టాను. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల కంప్యూటర్ సైన్స్ పెట్టకపోవడం ఏమిటని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. నా వరకు మాత్రం అప్పటికి అదే నిజమైన జవాబు. ప్రోగ్రామింగ్ మీద ఆసక్తి ఉంది. ఎకనామిక్స్ గురించి కనబడిందల్లా చదువుతాను. నేల, నీరు, వాతావరణం గురించి చెప్పే సైన్సులంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. వీటిలో ఏ ఒక్కటి రాసినా మిగతా రెండింటినీ కనీసం రుచి చూడకుండా వదిలేసినట్టే.

సీటు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), వీసా అన్నీ అయ్యాక కోర్సులు రిజిస్టర్ చేసుకోమని మెయిల్ వచ్చింది. అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. మేజర్ ఉన్నవాళ్లకు డిపార్ట్‌మెంటే నాలుగేళ్ల ప్లాన్ ఇస్తుంది, ఏ సెమిస్టర్‌లో ఏది చదవాలో అందులో రాసి ఉంటుంది. అన్‌డిక్లేర్డ్ వాళ్లకు అలాంటి కాగితం ఏదీ లేదు. కేటలాగ్ తెరిస్తే ఆంత్రోపాలజీ నుంచి జువాలజీ దాకా వందల కోర్సులు. ఏది చూసినా తీసుకోవాలనిపిస్తుంది. ఏది తీసుకోకపోతే ఏం పోతుందో మాత్రం తెలియదు.

ముందు క్రెడిట్ల సంగతి తెలుసుకున్నాను. అక్కడ బ్యాచిలర్స్ డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. ఎనిమిది సెమిస్టర్లలో పూర్తి కావాలంటే సెమిస్టర్‌కు సగటున 15. ఫుల్‌టైమ్ విద్యార్థి అనిపించుకోవడానికి కనీసం 12 ఉండాలి. నాలాగా ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లేవాళ్లకు ఆ 12 వీసా నిబంధన కూడా. అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అదీ మూడు క్రెడిట్ల దాకానే లెక్కలోకి వస్తుంది. మధ్యలో ఏదైనా కోర్సు వదిలేసి 12 కన్నా కిందికి దిగాలంటే ముందుగా ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. ఒక క్రెడిట్ అంటే వారానికి సుమారు గంట క్లాసు, దాని కోసం బయట మరో రెండు గంటల చదువు అని లెక్క. అంటే 15 క్రెడిట్లకు వారానికి 45 గంటల పని. మొదటిసారి ఇల్లు వదిలి కొత్త దేశానికి వెళ్తున్నప్పుడు ఈ లెక్క కళ్ల ముందు పెట్టుకోవడం చాలా అవసరం. మా యూనివర్సిటీలో 12 నుంచి 18 దాకా ఫీజు ఒకటే కాబట్టి ఎక్కువ కోర్సులు వేసుకుంటే లాభం కదా అని కొందరు సలహా ఇచ్చారు. మొదటి సెమిస్టర్‌లో నేనైతే ఎవరికీ ఆ సలహా ఇవ్వను.

సలహాలకు కొదవ లేదు. మా పెద్దమ్మ కొడుకు అక్కడే ఎం.ఎస్. చేసి ఉద్యోగం చేస్తున్నాడు. “ముందు సీఎస్ కోర్సులన్నీ వేసేయ్, నచ్చకపోతే తర్వాత మార్చుకోవచ్చు” అన్నాడు. నాన్న ఇంకోలా ఆలోచించారు. “ఏమ్మా, అన్నీ కొంచెం కొంచెం తీసుకుంటే చివరికి ఏదీ రాకుండా పోతుందేమో?” అని అడిగారు. ఆయన భయంలో న్యాయం ఉంది. ఇక్కడ బ్రాంచ్ తేలాకే కాలేజీలో అడుగుపెడతాం, తేలకుండా చేరడం అంటే మాకు తెలిసినవాళ్లలో ఎవరూ చేయని పని.

నాకు కాస్త ధైర్యం ఇచ్చింది ఒక ప్రభుత్వ నివేదిక. అమెరికా విద్యా శాఖ గణాంక విభాగం 2017లో ప్రచురించిన దాని ప్రకారం, 2011-12లో కాలేజీలో చేరి, మేజర్ ప్రకటించిన బ్యాచిలర్స్ విద్యార్థుల్లో 33 శాతం మంది మూడేళ్లలోపే కనీసం ఒకసారి మేజర్ మార్చుకున్నారు. గణితం ఎంచుకున్నవాళ్లలోనైతే ఏకంగా 52 శాతం. అది నాన్నకు చూపించాను. తేల్చుకుని చేరినవాళ్లలో కూడా ముగ్గురిలో ఒకరు మారుతున్నారంటే, తేలలేదని ముందే ఒప్పుకున్నవాళ్లు పెద్ద తప్పేమీ చేయడం లేదని ఆయనకూ అనిపించింది.

ఆ తర్వాత అకడమిక్ అడ్వైజర్‌తో వీడియో కాల్. అన్‌డిక్లేర్డ్ విద్యార్థులను చూసుకోవడమే ఆవిడ పని. నీకేది ఇష్టం అని అడుగుతారనుకుని నా మూడు సబ్జెక్టుల గురించి చెప్పడానికి సిద్ధమై కూర్చున్నాను. ఆవిడ ముందు అడిగింది వేరు: “దేన్ని ఇప్పటికే వద్దనుకున్నావు?”

నర్సింగ్, ఆర్కిటెక్చర్, మ్యూజిక్ వద్దని చెప్పాను. ఎందుకు అడిగారో అప్పుడు వివరించారు. ఆ మూడూ చాలా చోట్ల మొదటి సెమిస్టర్ నుంచే వరుస తప్పకుండా నడిచే డిగ్రీలు. ఆర్కిటెక్చర్‌లో ఒక స్టూడియో అయితేనే తర్వాతి స్టూడియో. మ్యూజిక్‌కు ఆడిషన్ ఉంటుంది. వాటిలో దేనిమీదైనా మనసు ఉంటే ఈ రోజే చెప్పాలి, ఏడాది తర్వాత చెబితే డిగ్రీ ఒక ఏడాది వెనక్కి పోతుంది. హిస్టరీ, సోషియాలజీ, సైకాలజీ లాంటివాటికి ఆ తొందర లేదు. రెండో ఏడాదిలో మొదలుపెట్టినా నాలుగేళ్లలో హాయిగా పూర్తవుతాయి.

తర్వాత ఆవిడ స్క్రీన్ షేర్ చేసి, ఖాళీ పేజీ మీద నా మూడు సబ్జెక్టుల పేర్లు ఒకదాని కింద ఒకటి టైప్ చేశారు. ప్రతి దాని పక్కన ఏ కోర్సు తర్వాత ఏ కోర్సు రావాలో బాణాలు గీస్తూ పోయారు. ప్రీరిక్విజిట్ల గొలుసు అన్నమాట. కంప్యూటర్ సైన్స్‌కు మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు, దాని తర్వాత డేటా స్ట్రక్చర్స్, దాని తర్వాత ఆల్గారిదమ్స్, పక్కనే కాలిక్యులస్ 1, 2. ఎకనామిక్స్‌కు మైక్రో, మాక్రో అయ్యాక ఇంటర్మీడియట్ (తర్వాతి స్థాయి) మైక్రో, దానికి కాలిక్యులస్ కావాలి. ఎకనామెట్రిక్స్‌కు స్టాటిస్టిక్స్ కావాలి. భూమికి సంబంధించిన సైన్సులకు ఫిజికల్ జియాలజీతో పాటు జనరల్ కెమిస్ట్రీ, కాలిక్యులస్, ఆ తర్వాత ఫిజిక్స్. గీయడం అయ్యాక మూడు వరుసల్లోనూ ఉన్న ఒకే కోర్సు చుట్టూ ఎర్ర గీత పెట్టారు: కాలిక్యులస్ 1.

నేను అంతవరకూ నా ఇష్టాలను తూకం వేయడానికే ప్రయత్నిస్తున్నాను, అది తేలడం లేదు. తేలకపోయినా ఫరవాలేదని ఆ పేజీ చూశాక అర్థమైంది. ఏది ఎక్కువ ఇష్టమో ఇప్పుడే చెప్పలేకపోవచ్చు. ఏ గొలుసు పొడవైనదో, ఏది ఆలస్యమైతే చేజారిపోతుందో మాత్రం కేటలాగ్ చూసి ఎవరైనా చెప్పగలరు. మేజర్ తేలనివాళ్లు మొదటి సెమిస్టర్‌లో పట్టుకోవాల్సింది ఆ పొడవైన గొలుసుల మొదటి కొసలనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. మెడిసిన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ప్రీ-మెడ్ అనేది అక్కడ మేజర్ కాదు, ఏ మేజర్‌లో ఉన్నా చదవాల్సిన కోర్సుల వరుస. జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ల్యాబ్‌తో బయాలజీ, ఫిజిక్స్. కెమిస్ట్రీ ఒక్క ఏడాది ఆలస్యమైతే వెనకవన్నీ ఆలస్యమవుతాయి.

ఆవిడ మరో మాట కూడా దాచకుండా చెప్పారు. అన్‌డిక్లేర్డ్ అంటే అన్ని మేజర్లూ మన కోసం ఎదురుచూస్తుంటాయని కాదు. చాలా పెద్ద స్టేట్ యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్‌లోకి తర్వాత మారడం కష్టం. కొన్నిచోట్ల అసలు కుదరదు. మా దగ్గర కుదురుతుంది కానీ కాలిక్యులస్‌లో, మొదటి ప్రోగ్రామింగ్ కోర్సులో మంచి గ్రేడ్ ఉండాలి. ఈ నిబంధన ప్రతి యూనివర్సిటీకీ వేరు, అదే యూనివర్సిటీలో ఏడాదికేడాదికి మారుతుంది కూడా. అందుకే వేరే కాలేజీలో చదివే సీనియర్ల మాట విని కోర్సులు పెట్టుకోకూడదు. బ్రౌన్ యూనివర్సిటీలో 1969 నుంచి ‘ఓపెన్ కరికులమ్’ నడుస్తోంది, ఫలానా విభాగాల నుంచి ఇన్ని కోర్సులు చదవాలనే జనరల్ ఎడ్యుకేషన్ నిబంధన అక్కడ లేదు. కొలంబియా యూనివర్సిటీలో అందరూ కలిసి చదివే కోర్ కరికులమ్ 1919లో మొదలైన కోర్సు నుంచి పెరుగుతూ వచ్చింది. ఒక చోట పనికొచ్చిన సలహా ఇంకో చోట ఎందుకు పనికొస్తుంది?

కాలిక్యులస్ ఖాయమయ్యాక ఒక చిక్కు. మ్యాథ్ ప్లేస్‌మెంట్ టెస్ట్ (ఏ లెక్కల కోర్సులో చేరాలో తేల్చే పరీక్ష) ఇంట్లో కూర్చుని రాయొచ్చు. ఎవరి సాయమూ లేకుండా రాశాను, స్కోరు బాగానే వచ్చింది. ఇంటర్‌లో డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ చదివాం కదా, డిపార్ట్‌మెంట్‌ను అడిగి నేరుగా కాలిక్యులస్ 2లో చేరొచ్చని అన్నయ్య అన్నాడు. నేను 1లోనే చేరాను. మిగతా కోర్సులన్నీ నాకు పూర్తిగా కొత్తవి, బోధన కొత్తది, వారం వారం హోంవర్క్, క్విజ్‌లు గ్రేడ్‌లో కలిసే పద్ధతి కొత్తది. ఒక్క కోర్సులోనైనా కాళ్ల కింద నేల గట్టిగా ఉండాలనుకున్నాను. పైగా తర్వాత ఏ మేజర్‌లోకి వెళ్లాలన్నా మొదట చూసేది ఆ గ్రేడే. దీన్ని టైమ్ వేస్ట్ అనేవాళ్లు ఉంటారు, నా పరిస్థితిలో మళ్లీ అడిగినా నేను ఇదే చేస్తాను.

మిగతావి ఎంచుకునేటప్పుడు ప్రతి కోర్సుకూ ఒక ప్రశ్న రాసుకున్నాను. ప్రోగ్రామింగ్: రోజూ గంటల తరబడి కోడ్ రాయడం నాకు నచ్చుతుందా? మైక్రో ఎకనామిక్స్: వార్తలు చదవడం కాకుండా గ్రాఫులు, సమస్యలు చేయడం నచ్చుతుందా? ఫిజికల్ జియాలజీ: ల్యాబ్‌లో, బయట నేల మీద చేసే పని నచ్చుతుందా? జియాలజీ తీసుకుంటే ల్యాబ్ సైన్స్ ఉండాలన్న జనరల్ ఎడ్యుకేషన్ నిబంధన కూడా తీరిపోతుంది. అందుకే మేజర్ తేలనివాళ్లకు జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు భారం కావు. ఎలాగూ చదవాల్సినవే కాబట్టి, వాటిని పరీక్షించి చూసుకోవడానికి వాడుకుంటే క్రెడిట్ వృథా కాదు.

కెమిస్ట్రీ దగ్గర చాలాసేపు ఆగాను. గొలుసు పొడవు చూస్తే జియాలజీ కన్నా ముందు జనరల్ కెమిస్ట్రీయే తీసుకోవాలి. కానీ రెండు ల్యాబులు, కాలిక్యులస్, ప్రోగ్రామింగ్ ఒకే సెమిస్టర్‌లో అంటే మోయలేనని తెలుసు. అప్పుడు అడ్వైజర్ ఒక చిన్న విషయం చూపించారు. జనరల్ కెమిస్ట్రీ 1 మా దగ్గర ఫాల్ (ఏడాదిలో మొదటి) సెమిస్టర్‌లోనూ స్ప్రింగ్ (రెండో) సెమిస్టర్‌లోనూ ఉంటుంది. జియాలజీ మేజర్‌కు అది స్ప్రింగ్‌లో మొదలుపెట్టినా సరిపోతుంది. ఏడాదికి ఒక్కసారే ఇచ్చే కోర్సయితే లెక్క మారిపోయేది. ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో ఇస్తారో కేటలాగ్‌లో వివరణ చివర ఒక్క లైన్ ఉంటుంది, చాలామంది అది చదవరు. రైటింగ్ కోర్సు కూడా మొదటి ఏడాదిలో ఎప్పుడైనా చేయొచ్చు కాబట్టి స్ప్రింగ్‌కు జరిపాం. చివరికి కాలిక్యులస్ 4, జియాలజీ 4, ప్రోగ్రామింగ్ 3, మైక్రో 3, కొత్త విద్యార్థుల సెమినార్ 1, మొత్తం 15 క్రెడిట్లు.

రిజిస్ట్రేషన్ రోజు అక్కడ ఉదయం 8 అంటే ఇక్కడ సాయంత్రం 5:30. ముందు రోజు రాత్రి పోర్టల్ తెరిచి చూస్తే నా అకౌంట్ మీద ‘హోల్డ్’ ఉంది. ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా రెండు డోసుల రికార్డు అప్‌లోడ్ చేశాను, వాళ్ల వైపు నమోదు కాలేదు. హోల్డ్ ఉంటే ఒక్క కోర్సు కూడా తీసుకోనివ్వదు. వెంటనే హెల్త్ సెంటర్‌కు మెయిల్ రాసి, రికార్డు మళ్లీ జతచేశాను. వాళ్లు ఆఫీసు టైమ్ ముగిసేలోపు తీసేశారు. మీ పోర్టల్‌లో హోల్డులు ఉన్నాయేమో రిజిస్ట్రేషన్‌కు వారం ముందే చూసుకోండి.

టైమ్ అయ్యేసరికి కార్ట్‌లో అన్నీ సిద్ధం. సీట్ల సంఖ్య కళ్ల ముందే తగ్గుతోంది. ఇక్కడొక మెలిక ఉంది. పెద్ద కోర్సుల్లో లెక్చర్, రెసిటేషన్ (చిన్న గుంపుగా సమస్యలు చేసే క్లాసు) విడివిడి సెక్షన్లు, రెండూ కలిపి తీసుకోవాలి. మైక్రో లెక్చర్‌లో సీట్లు బోలెడున్నా, నా టైమ్‌కు సరిపడే రెసిటేషన్ నిండిపోవడంతో పోర్టల్ ఎర్రగా ఎర్రర్ చూపించింది. ప్రతి కోర్సుకూ ఇంకో సెక్షన్ నంబర్ కాగితం మీద రాసి పెట్టుకోవడం వల్ల వెతుక్కోకుండా శుక్రవారం రెసిటేషన్‌కు మారిపోయాను. ప్రోగ్రామింగ్‌లో మధ్యాహ్నం సెక్షన్‌కు వెయిట్‌లిస్టే మిగిలింది. ఉదయం 8 గంటల సెక్షన్‌లో సీటు ఉంటే అది తీసుకున్నాను. మేజర్ మార్పుకు లెక్కలోకి వచ్చే కోర్సును వెయిట్‌లిస్ట్ మీద వదలడం నాకు ఇష్టం లేదు. వెనకాల నిలబడి చూస్తున్న నాన్న అన్నీ పచ్చగా మారాక “అయిపోయిందా అమ్మా?” అని ఊపిరి పీల్చుకున్నారు.

క్లాసులు మొదలయ్యాక మొదటి వారం యాడ్-డ్రాప్ సమయం. ఆ గడువులో వదిలేస్తే కోర్సు పేరు ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉండదు. తర్వాత వదిలితే ‘డబ్ల్యూ’ (విత్‌డ్రా) పడుతుంది. అది జీపీఏను (గ్రేడ్ల సగటును) తగ్గించదు కానీ రికార్డులో ఉంటుంది. నేను ఏదీ మార్చలేదు. మొదటి వారంలోనే అన్ని సిలబస్‌లూ ముందు వేసుకుని మిడ్‌టర్మ్ తేదీలన్నీ ఒకే క్యాలెండర్‌లో రాసుకున్నాను. కాలిక్యులస్, మైక్రో మిడ్‌టర్మ్‌లు ఒకే వారంలో పడ్డాయని అప్పుడే తెలిసింది.

సెమిస్టర్ గడిచేకొద్దీ నా ప్రశ్నలకు జవాబులు వచ్చాయి, కొన్ని నేను ఊహించని వైపు నుంచి. జియాలజీ ల్యాబ్‌లో ఒక రోజు ప్రతి బల్ల మీదా పేర్లు లేని ఖనిజాల పెట్టె పెట్టారు. గాజు పలక, గీత గీయడానికి తెల్లటి పింగాణీ పలక, చిన్న సీసాలో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పేరు ఊహించొద్దు, చూసింది ముందు రాయండి అన్నారు టీఏ (టీచింగ్ అసిస్టెంట్). రెండు తెల్లటి ముక్కలు చూడ్డానికి దాదాపు ఒకేలా ఉన్నాయి. ఒకటి గాజును గీసింది. రెండోది గీయలేదు, దాని మీద ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమని నురగ వచ్చింది. మొదటిది క్వార్ట్జ్, ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ స్కేలు మీద 7. రెండోది కాల్సైట్, కాఠిన్యం 3. ఖనిజ శాస్త్రవేత్త మోస్ ఆ స్కేలు తయారుచేసింది 1812లో. సరైన జవాబు కన్నా ఎలా తెలిసిందన్న దానికే ఎక్కువ మార్కులు. ల్యాబ్ రిపోర్టు రాయడానికి కూర్చుంటే టైమ్ తెలిసేది కాదు.

ప్రోగ్రామింగ్ నచ్చింది. కానీ అసైన్‌మెంట్ పూర్తయ్యాక ఇంకా చేయాలనే కోరిక, పక్కన కూర్చునే అమ్మాయిలో కనిపించినంత నాలో లేదు. మైక్రోలో లెక్చర్లు ఎంతో బాగుండేవి, ప్రాబ్లమ్ సెట్లకు మాత్రం నన్ను నేను బలవంతంగా కూర్చోబెట్టుకోవాల్సి వచ్చేది. సబ్జెక్ట్ గురించి వినడం నచ్చడం వేరు, వారం వారం అది చేయించే పని నచ్చడం వేరు అని నేను తెలుసుకున్నది అక్కడే. కోర్సు వివరణ చదివితే ఇది తెలియదు. పాత సిలబస్ దొరికితే అందులో హోంవర్క్ ఎలా ఉందో చూడాలి, దొరకకపోతే చేరి చూడాలి.

స్ప్రింగ్ రిజిస్ట్రేషన్‌కు ముందు నాన్నతో మళ్లీ మాట్లాడాను. ఈసారి ఆయన ఉద్యోగం సంగతి అడిగారు, అడగాల్సిందే. ఎఫ్-1 విద్యార్థులకు డిగ్రీ తర్వాత ఓపీటీ (చదివిన రంగంలో పని చేసే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీ అయితే అదనంగా మరో 24 నెలలు దొరకొచ్చు. కంప్యూటర్ సైన్స్, జియాలజీ రెండూ స్టెమ్ కిందికి వస్తాయి. ఎకనామిక్స్ మాత్రం యూనివర్సిటీ దాన్ని ఏ కోడ్ కింద నమోదు చేసిందనే దానిమీద ఆధారపడుతుంది. ఎకనామెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ అనే కోడ్ ఉంటే స్టెమ్, మామూలు ఎకనామిక్స్ కోడ్ అయితే కాదు. ఇది వినగానే నాన్న, “అయితే రాళ్ల చదువుకు కూడా దారి ఉందన్నమాట” అన్నారు. ఆ మాటతో మా ఇంట్లో సగం గొడవ తీరింది.

స్ప్రింగ్‌కు కాలిక్యులస్ 2, జనరల్ కెమిస్ట్రీ 1, రైటింగ్, డేటా స్ట్రక్చర్స్ తీసుకున్నాను. డేటా స్ట్రక్చర్స్ ఎందుకని అడ్వైజర్ అడిగారు. ఆ గొలుసును ఇప్పుడే వదలడం నాకు ఇష్టం లేదని, పైగా రాళ్లు, నీళ్లు, భూకంపాల మీద పనిచేసేవాళ్లకు కోడ్ రాయడం అవసరమని జియాలజీ ప్రొఫెసర్ చెప్పారని అన్నాను. సరేనన్నారు. మాక్రో ఎకనామిక్స్ ప్రతి సెమిస్టర్‌లో ఉంటుంది, దాని గొలుసు పొట్టిది, అందుకే వచ్చే ఫాల్‌కు జరిపాను. మేజర్ ప్రకటించడానికి మా దగ్గర రెండో ఏడాది చివరిదాకా గడువు ఉంది. ఈలోగా జియాలజీ డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌ను కలవాలి. వాళ్ల ఫీల్డ్ క్యాంప్ (బయట నేల మీద పని నేర్పే కోర్సు) ఏ వేసవిలో చేయాలో, దానికి ముందు ఏ కోర్సులు పూర్తయి ఉండాలో అడగడానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.